చివరి గుక్క వేళ

"చివరిసారి నీళ్లు ఎప్పుడు తాగారమ్మా?"

ఎముకల వార్డులో ఎనిమిది నెలలుగా ప్రతి ఉదయం ఏడున్నరకు వినబడే ప్రశ్న అది. అడిగేది పరిశోధన నర్సు. జవాబు విని, చేతి గడియారం ఒకసారి చూసుకుని, పత్రంలో "చివరి గుక్క వేళ" అన్న గడిలో అంకె వేసి పక్క మంచానికి కదులుతుంది. అందుకని రోగులు ఆమెకు గడియారం సిస్టర్ అని పేరు పెట్టుకున్నారు. ఆ సంగతి ఆమెకు తెలుసు. పేరు పెట్టినవారి తప్పేమీ లేదని కూడా తెలుసు.

ఆ మంగళవారం మూడో మంచం మీద కొత్త మనిషి ఉంది. డెబ్బై నాలుగేళ్ల దర్జీ ముసలమ్మ, స్నానాల గదిలో జారి తుంటి విరిగి సోమవారం మధ్యాహ్నం చేరింది. మంచం కాళ్ల వైపు "నోటికి ఏమీ ఇవ్వరాదు" అన్న అట్ట వేలాడుతోంది.

"బాగా గుర్తుంది తల్లీ," అంది ముసలమ్మ కళ్లు తెరవకుండానే. "రాత్రి పదింటికి మా ఆడపడుచు సగం గ్లాసు పోసింది. తక్కిన సగం తనే తాగేసింది."

"పారబొయ్యడం ఎందుకని తాగాను," అంది స్టూలు మీది ఆడపడుచు. ఆమెకూ డెబ్బై దగ్గర పడ్డాయి. "రాత్రి సిస్టరు అట్ట తగిలించి వెళ్లింది. అట్ట తగిలించాక నీకు పొయ్యకూడదు కదా వదినా."

"నలభై ఏళ్లు ఒకే ఇంట్లో ఉన్నాం. అప్పుడంతా నా మాట వినాల్సొచ్చింది. ఇన్నాళ్లకి మంచానికి దొరికాను దీనికి."

"దొరికితే వదిలేసి పోయేదాన్నే. నువ్వు లేకపోతే ఇంట్లో ఎవరితో తగువు పడను?"

పరిశోధన నర్సు పెదవి కొసన నవ్వు ఆపుకుని పది అని రాసింది.

మత్తుమందు విభాగం చేపట్టిన అధ్యయనం అది. మత్తులో ఉన్నప్పుడు కడుపులోది పైకి తన్ని ఊపిరితిత్తుల్లోకి జారితే ప్రాణం మీదికి వస్తుంది. కనుక ఆపరేషనుకు ఆరు గంటల ముందు తిండి, రెండు గంటల ముందు నీళ్లు ఆపాలన్నది నియమం. కానీ వార్డుల్లో రాత్రి పదికే రెండూ ఆగిపోతాయి. ఆపరేషన్ ఉదయం ఎనిమిదికైనా, సాయంత్రం నాలుగుకైనా ఒకటే వేళ. నియమానికీ వాడుకకూ నడుమ రోగి ఎన్ని గంటలు ఎండుతున్నాడు, ఆ ఎండడానికీ ఆపరేషన్ తరువాత ముసలివారికి కలిగే మతిభ్రమకూ సంబంధం ఉందా అని తేల్చడం అధ్యయనం పని. పరిశోధన నర్సు చూడాలి, అడగాలి, రాయాలి. సలహా చెప్పకూడదు, చెయ్యి వెయ్యకూడదు. చూసేవారు కల్పించుకుంటే కొలతకు అందేది వార్డు కాదు, వారి కల్పించుకోవడమే. ఆ మాట మొదటిరోజు విన్నప్పుడు ఆమెకు సబబుగానే తోచింది. ఇరవై మూడేళ్లు రోగులను లేపి, తిప్పి, పడుకోబెట్టి ఆమె నడుములో రెండు పూసల మధ్య డిస్కు జారిపోయింది. బరువులెత్తితే ఇక లేవరు అని వైద్యుడు చెప్పిన నెలలోనే ఈ కొలువు దొరికింది. పగటి పని, కుర్చీ, కాగితం, పెన్ను. ఈ కొలువు పోతే మళ్లీ వార్డే. వార్డంటే ఎత్తడమే.

వార్డు హెడ్ నర్సు నియమం తెలియని మనిషి కాదు. రెండేళ్ల కిందట ఒక రోగికి నియమం ప్రకారమే ఉదయం ఏడింటికి పాలు లేని టీ ఇప్పించింది. ఆ రోజు ఆపరేషన్ల జాబితాలో నాలుగోవాడు కదా అనుకుంది. ముందున్న ముగ్గురిలో ఇద్దరు ఏదో కారణంతో తప్పిపోయి, ఎనిమిదింటికే అతనికి పిలుపు వచ్చింది. టీ సంగతి తెలిసి ఆపరేషన్ థియేటర్ వారు అతన్ని వెనక్కి పంపారు. పెద్ద సర్జను వార్డుకు వచ్చి, రోగుల ఎదుట, ఆయాల ఎదుట ఆమెను నిలబెట్టి అరిచాడు. ఆ మర్నాటి నుంచి ఆపరేషన్ ఉన్న ప్రతి మంచానికీ రాత్రి పదికి అట్ట. దాహం వేసిన రోగి ఎవరి మీదా అరవడు. అరిచినా వినవలసిన పని లేదు.

మంగళవారం జాబితాలో ముసలమ్మది ఐదో పేరు. పన్నెండు దాటింది. రెండు దాటింది. ఆడపడుచు జేబురుమాలు తడిపి ఆమె పెదాలు అద్దుతూ ఉంది. చేతికి సెలైన్ ఎక్కుతోంది కనుక ఒంట్లో నీటికి లోటు లేదని హెడ్ నర్సు రెండుసార్లు చెప్పింది. ఒంటి సంగతి నిజమే. నోటికి ఆ సంగతి తెలియదు.

"రుమాలు కాస్త గట్టిగా పిండవే," అంది ముసలమ్మ.

"పిండితే కారుతుంది. కారితే మింగుతావు. నాకు తెలీదా నీ సంగతి?"

మూడు ముప్పావుకు థియేటర్ నుంచి కబురు వచ్చింది. రోడ్డు ప్రమాదంలో ఇద్దరు వచ్చారు, ఇవాళ్టికి ఇంతే. ఆయా అట్ట తిప్పి గోడ వైపు పెట్టింది. ముసలమ్మ రెండు గ్లాసులు నీళ్లు ఒక్క గుక్కన తాగి, సగం కక్కుకుంది. పరిశోధన నర్సు పత్రం చూసుకుంది. మొదలు వేళ ఉంది, ముగింపు వేళ రాయడానికి లేదు. ముగింపు అంటే మత్తు ఇచ్చిన క్షణం. ఆ క్షణం రాలేదు. పత్రాన్ని మడవకుండా వేరే ఫైల్లో పెట్టుకుంది.

బుధవారం కూడా అదే ప్రశ్న, అదే జవాబు. సగం గ్లాసు ముచ్చట మాత్రం లేదు.

"రాత్రి పదికి," అని ఆడపడుచే చెప్పింది. "నాలుగు ముద్దలు తిన్నదో లేదో, చాలంది. నిద్ర లేదు. కాలు కదిలితే కేక."

"ఇవాళ ఎన్నోదాన్ని?" అని అడిగింది ముసలమ్మ.

"నాలుగోవారు."

"ఒక్క మెట్టెక్కాను. ఈ లెక్కన ఆదివారానికి అందుకుంటాను."

ఆదివారం ఆపరేషన్లు ఉండవని పరిశోధన నర్సు చెప్పలేదు. ఆనాడు ప్రమాదాలు లేవు. సాయంత్రం నాలుగుకు ఆపరేషన్ సామాన్లు ఆవిరిలో శుద్ధి చేసే యంత్రం ఆగిపోయింది. బాగుచేసేవాడు వచ్చి, పెట్టె తెరిచి, మూసి, రేపు వస్తానన్నాడు. ఐదున్నరకు కబురు వచ్చింది. పంతొమ్మిదిన్నర గంటలు. అట్ట తిప్పేసరికి ముసలమ్మకు నీళ్ల మీద కూడా ఆశ పోయింది. ఆడపడుచు గ్లాసు పట్టుకుని చాలాసేపు నిలబడింది.

"తాగు వదినా. తాగి నన్ను తిట్టు."

ముసలమ్మ తాగింది. తిట్టలేదు. ఆ తిట్టకపోవడం ఆడపడుచును కలవరపెట్టినంతగా ఇంకేదీ కలవరపెట్టలేదు. వరండాలోకి వచ్చి పరిశోధన నర్సు చెయ్యి పట్టుకుంది.

"అమ్మా, నువ్వు పొద్దున్నే వచ్చి రాసుకుంటావు కదా. పెద్దవాళ్లకి చూపిస్తావు కదా. రెండు రోజులు ఎండబెట్టారని రాశావా?"

"రాశానమ్మా," అంది పరిశోధన నర్సు. రాసిన మాట నిజం. ఎక్కడ రాసిందో చెప్పలేదు.

మత్తు డాక్టరు గది మేడ మీద. అధ్యయనం నడిపేది ఆవిడే. ఆరు కావస్తుండగా ఆవిడ నిలబడే మధ్యాహ్నపు భోజనం డబ్బా విప్పుతోంది. కళ్ల కింద థియేటర్ టోపీ అంచు గీసిన గీత ఇంకా ఎర్రగా ఉంది. పరిశోధన నర్సు రెండు పత్రాలు బల్ల మీద పెట్టింది.

"ఇవి ఎక్కడ చేర్చాలి మేడమ్?"

ఆవిడ చూసింది. "ముగింపు వేళ లేదే."

"ఆపరేషన్ కాలేదు. రెండు రోజులు. ఒకే మనిషి."

"ఆపరేషన్ కాకపోతే మన లెక్కలో లేనట్టే కదా. మత్తు ఇచ్చినవాళ్లనే లెక్కపెడుతున్నాం."

"లెక్కలో లేదు గానీ మూడో మంచం మీద ఉంది మేడమ్."

ఆవిడ చెంచా దించింది. కోపం రాలేదు. కోపానికి కావలసిన ఓపిక ఆ వేళకు మిగల్లేదు. "నాకు తెలీదనుకున్నావా? ప్రశ్న రాసేటప్పుడు తోచలేదు. తోచి ఉంటే ఇంకో గడి పెట్టేదాన్ని. ఇప్పుడు మధ్యలో మారిస్తే రెండు వందల పన్నెండు మందీ ఎందుకూ కొరగాకుండా పోతారు. ఈ అధ్యయనం ముగిసి, అచ్చయి, నలుగురు చదివితేనే ఆ అట్టలు పోతాయి. అంతదాకా పళ్లు బిగపట్టాల్సిందే. రేపు ఆపరేషన్ అయితే రేపటి గంటలు రాయి."

"రేపటివి మాత్రమేనా?"

"రేపటివి మాత్రమే."

పరిశోధన నర్సు పత్రాలు తీసుకుని మెట్లు దిగింది. ప్రతి మెట్టుకూ నడుము తన సంగతి తాను చెప్పుకుంటోంది. డాక్టరు మాటలో తప్పు పట్టడానికి ఆమెకు ఏమీ దొరకలేదు. రేపు మధ్యాహ్నం ముసలమ్మకు మత్తు ఇస్తే, పత్రంలో పద్నాలుగో పదహారో గంటలు పడతాయి. ముందటి రెండు రోజులూ ఏ పుస్తకంలోనూ జరిగి ఉండవు.

గురువారం ఉదయం ఆమె ప్రశ్న అడగలేకపోయింది. ముసలమ్మ కళ్లు తెరిచే ఉన్నాయి. ఎడమ చేతి బొటనవేలూ చూపుడువేలూ దుప్పటి అంచును పట్టుకుని ఉన్నాయి. కుడి చెయ్యి లేని సూదిని గుడ్డలోకి గుచ్చి, పైకి లాగి, మళ్లీ గుచ్చుతోంది. లాగిన ప్రతిసారీ దారం కొస పంటితో తెంపుతోంది. పని ఎంత ఒద్దికగా ఉందంటే, చూసినవారికి దారం లేదని కాసేపటిగ్గాని తట్టదు.

"తెల్లారినప్పటి నుంచీ ఇదే," అంది ఆడపడుచు. గొంతులో నిన్నటి గట్టితనం లేదు. "నన్ను అమ్మా అంటోంది. అమ్మా, చేతులు కుట్టేశాను, మెడ మిగిలింది అంటోంది. జన్మలో నన్ను పల్లెత్తు మంచి మాట అనని మనిషి..."

చేతికి ఎక్కుతున్న సెలైన్ లేదు. సూది ఉన్నచోట మణికట్టు ఉబ్బి ఉంది. తెల్లవారుజామున ఉబ్బితే తీసేశారు. ఎలాగూ థియేటర్‌కు వెళ్తుంది, అక్కడే కొత్తది పెడతారని రాత్రి నర్సు, పగటి నర్సు కూడా అనుకున్నారు. ఎవరి మటుకు వారు అనుకున్నది సబబే. రెండు సబబులు కలిసి ముసలమ్మను నోటికీ నరానికీ కూడా చుక్క లేకుండా చేశాయి.

పరిశోధన నర్సు తన బల్ల దగ్గరకు వెళ్లింది. వార్డు గుమ్మం పక్కన చిన్న బల్ల. ఒక పక్క పత్రాల పెట్టె, ఇంకో పక్క ఆస్పత్రి లోపలి ఫోను. ఎనిమిది నెలల్లో ఆ ఫోను మోగితే ఎత్తి హెడ్ నర్సుకు ఇవ్వడమే తప్ప, తాను అంకెలు నొక్కలేదు. అద్దం కింద ఉన్న చీటీలో థియేటర్ నంబరు వెతికి నొక్కింది.

"థియేటర్." గుమాస్తా గొంతు.

"ఎముకల వార్డండీ. జాబితాలో మూడో కేసు, తుంటి ఆపరేషన్, ఎప్పటికి పడుతుంది?"

"ఎముకల వార్డా? ఫోనా? ఏమైంది, నిప్పేమన్నా అంటుకుందా?"

"ఏం కాలేదు. వేళ కావాలి."

"మొదటిది వెన్నెముక. అది పన్నెండు కొట్టేదాకా తెమలదు. తరవాత ఇంకోటి. మీది రెండింటికి చూసుకోండి."

"రోజూ ఇలా చెప్పగలరా?"

"అడిగితే చెప్పనా ఏంటి? జాబితా నా ముందే ఉంటుంది. అడిగినవాళ్లు లేరు."

ఆమె ఫోను పెట్టేసింది. ఎనిమిదిన్నర కావడానికి ఐదు నిమిషాలుంది. హెడ్ నర్సు మందుల బండి తోసుకుంటూ వస్తోంది.

"సిస్టర్, మూడో మంచానికి రెండింటిదాకా పిలుపు లేదట. నీళ్లివ్వొచ్చు."

"ఎవరిమ్మన్నారు?"

"ఎవరూ అనలేదు. నియమంలో ఉంది."

"నియమం నాకు నువ్వు చెప్పకు." బండి ఆగింది. "ఎనిమిది నెలలు పెన్ను పట్టుకుని తిరిగావు. ఇవాళ జాలి పుట్టిందా? జాబితా సంగతి నీకు తెలీదు. ఇప్పుడు రెండంటారు, అరగంటలో రమ్మంటారు. అప్పుడు మాట పడేది నేను."

"నేనే ఇచ్చానని చెప్తాను."

"చెప్పు. నాకు కనబడలేదు." హెడ్ నర్సు బండి ముందుకు తోసింది.

ఆడపడుచు సంచిలోంచి మూత ఉన్న స్టీలు గ్లాసు తీసి ఇచ్చింది. నీళ్లు పోసి, మంచం తలవైపు ఎత్తి, మెడ కింద చెయ్యి పెట్టేసరికి పరిశోధన నర్సు నడుములో మెరుపు మెరిసినట్టయింది. పళ్లు కరుచుకుని అలాగే నిలబడింది. మొదటి గుక్క పెదవి పక్క నుంచి కారిపోయింది. రెండోదానికి ముసలమ్మ కుట్టడం ఆపింది. ఆ తరువాత రెండు చేతులతో గ్లాసును, గ్లాసుతో పాటు నర్సు వేళ్లను పట్టుకుని అడుగు దాకా తాగింది. ఎనిమిది నలభై. అట్ట వేళను బట్టి పత్రంలో వేసి ఉంచిన పది అంకె మీద ఒక గీత గీసి, ఆమె కొత్త అంకె వేసింది.

తొమ్మిది యాభైకి ఫోను మోగింది. వెన్నెముక రోగికి మత్తుకు ముందు చూస్తే జ్వరం తగిలింది, వెనక్కి పంపారు. రెండోవాడి రక్తం ఇంకా రాలేదు. మూడో మంచాన్ని వెంటనే తీసుకురండి.

హెడ్ నర్సు ఫోను పెట్టి ఇటు చూసింది. చెప్పానా అనలేదు. అనవలసినంతగా చూసింది. తరువాత దగ్గరకు వచ్చి గొంతు తగ్గించింది.

"ఒక్క గ్లాసు నీళ్లు. గంట దాటింది. ఎప్పుడో ఇంకిపోయి ఉంటాయి. నడుముకి ఇచ్చే మత్తేగా, మనిషి మేలుకునే ఉంటుంది. ఊరుకో. నోరెత్తితే ఈ ముసలావిడ మళ్లీ ఆగిపోతుంది, నీ కుర్చీ పోతుంది, నాకు అక్షింతలు పడతాయి. ఊరుకుంటే ఎవరికీ ఏమీ లేదు."

ఏమీ కాకపోవడానికే అవకాశం ఎక్కువని పరిశోధన నర్సుకూ తెలుసు. కానీ నడుముకిచ్చే మత్తు చాలకపోతే పూర్తి మత్తు ఇస్తారు. ఇచ్చేవారు ఈ కడుపు రాత్రి పది నుంచి ఖాళీ అని నమ్మి ఇస్తారు. వారు నమ్మేది ఈ పత్రాన్నే. ఆయా అప్పటికే స్ట్రెచర్ చక్రాల గొళ్లెం తీసింది. ఆడపడుచు ఇద్దరి ముఖాలూ మార్చి మార్చి చూస్తోంది.

"మళ్లీ ఆపేస్తారా తల్లీ? నీళ్లు తాగిందనా? నేనే గ్లాసిచ్చాను..."

పరిశోధన నర్సు అంకెలు నొక్కి మత్తు డాక్టరును పిలవమంది. ఫోనులో థియేటర్ చప్పుళ్లు వినబడుతున్నాయి. ఆవిడ రాగానే ఒక్క ఊపిరిలో చెప్పింది. ఎనిమిది నలభైకి ఒక గ్లాసు నీళ్లు, ఇచ్చింది తానే, మనిషి తెలివి తప్పి మాట్లాడుతోంది, చేతికి సెలైన్ లేదు.

ఫోనులో వెనక నుంచి సర్జను గొంతు, "ఎవరిచ్చారు నీళ్లు?"

"మా మనిషే," అని మత్తు డాక్టరు అటు తిరిగి అనడం వినబడింది. తరువాత ఫోనులోకి, "అంటే పది నలభై దాకా ఆగాలి. నువ్వు తీసుకొచ్చి, మేం పడుకోబెట్టి, సెలైన్ పెట్టి, నేను వెన్నులో సూది పెట్టేసరికే పదిన్నర అవుతుంది. ఇంకో పది నిమిషాలు. ఆగుదాం. తీసుకురా."

"అంతేనా మేడమ్?"

"అంతే. ఇంకేం కావాలి?"

హెడ్ నర్సు పక్కనే నిలబడి ఉంది. స్ట్రెచర్ గుమ్మం దాటి, లిఫ్టు తలుపు మూసుకున్న చప్పుడయ్యాక గానీ ఆమె కదల్లేదు.

"పది నిమిషాలా?" అంది.

"పది నిమిషాలు."

"ఆ రోజు ఆయన నన్ను నిలబెట్టి అరిచింది అరగంట." మందుల బండి పట్టుకుని, దాన్ని ఎటు తొయ్యాలో మరిచిపోయినట్టు నిలబడింది. "అరిచే బదులు ఆగి ఉంటే..."

ఆపరేషన్ అయింది. ఒంటిగంటకు ముసలమ్మ తిరిగి వచ్చింది. ఆ మధ్యాహ్నం పరిశోధన నర్సు తన బల్ల దగ్గర కూర్చుని పత్రాల పెట్టె తెరిచింది. రెండు వందల పన్నెండు. పద్నాలుగు గంటలు, పదహారు, పదకొండు, ఇరవై. ఒక్కొక్కరి ముఖమూ గుర్తు రాలేదు గానీ కొందరి పెదవులు గుర్తొచ్చాయి. చివరి గుక్క ఎప్పుడో వారందరినీ అడిగింది. వారికి ఇంకో గుక్క ఎప్పటిదాకా ఇవ్వవచ్చునో మాత్రం ఎవరినీ అడగలేదు. థియేటర్‌కు ఫోను చెయ్యవద్దని అధ్యయన నియమాల్లో ఎక్కడా లేదు. వేళ తెలుసుకోవడం కల్పించుకోవడం కాదు. కానీ తెలిస్తే ఊరుకోవడం కష్టం. ఊరుకోవడమే తన పని కనుక, తెలుసుకోకుండా ఉండిపోయింది. హెడ్ నర్సు భయపడి అడగలేదు. డాక్టరుకు ప్రశ్నలో గడి లేదు. తనకు ఆ రెండు సాకులూ లేవు. మోచేతి దూరంలో ఫోను ఉంది, అంతే.

ఆమె రెండు వందల పదమూడోది, ముసలమ్మ పత్రం తీసి, కారణాల గడిలో "పరిశీలకురాలు నీళ్లు ఇచ్చినందున తొలగింపు" అని రాసింది. సంతకం చేసింది.

శుక్రవారం పొద్దున్నే మత్తు డాక్టరు పిలిపించింది. ఈసారి కుర్చీ చూపించి, తాను కూడా కూర్చుంది.

"ఇది శిక్ష కాదు. అర్థమైందా?"

"అర్థమైంది మేడమ్."

"ఒకసారి చెయ్యి పెట్టాక, రేపు పెట్టవని నేను రాసివ్వలేను. నువ్వు వస్తుంటే వార్డు కూడా నిన్నటిలా ఉండదు. ఆ వార్డు కొలతలు ఇక్కడితో ఆపేస్తాను. పక్క భవనంలో ఇంకొకరిని పెడతాను." ఆవిడ పత్రం తిప్పి, సంతకం చూసి, మళ్లీ బోర్లా పెట్టింది. "సోమవారం నుంచి నిన్ను మళ్లీ వార్డు డ్యూటీలో, ఈ ఎముకల వార్డులోనే వేస్తారు. బరువులెత్తించవద్దని రాశాను. రాశాను గానీ..."

"వార్డులో ఎవరెత్తుతారు మేడమ్, నర్సులు కాక?"

"నడుము ఎలా ఉంది?"

"ఎక్కడికీ పోలేదు."

ఇద్దరూ కొంచెం నవ్వారు. ఆ నవ్వుతో మాట్లాడవలసింది అయిపోయింది.

పెట్టె అప్పగించడానికి ఆమె వార్డుకు వచ్చేసరికి మూడో మంచం దగ్గర గొడవ జరుగుతోంది. ముసలమ్మను దిండ్లకు చేరగిల పెట్టారు. మాట ఇంకా కొంత తడబడుతోంది గానీ మనిషి తిరిగి వచ్చింది.

"నిన్న నేను నిన్ను అమ్మా అన్నానా? కలలో మాట."

"అన్నావు. పదిసార్లు అన్నావు. ఊరంతా చెప్తాను."

"చెప్పుకో. మతి పోతేనే నువ్వు అమ్మలా కనబడతావని అర్థం." అప్పుడు పరిశోధన నర్సును చూసింది. "రా తల్లీ. రాసుకో. నిన్న కూడా చుక్క నీళ్లు పొయ్యలేదు వీళ్లు నాకు. మూడు రోజులు."

ఆడపడుచు నోరు తెరిచింది. పరిశోధన నర్సు వద్దన్నట్టు తల ఊపింది.

"రాసుకుంటానమ్మా," అంది. చేతిలో పత్రం లేదు. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక మంచం కమ్మీ పట్టుకుని నిలబడింది.

ఆరో మంచం మీద నిన్న సాయంత్రం చేరిన లారీ డ్రైవరు ఉన్నాడు, మోచేయి విరిగింది. అట్ట వేలాడుతోంది. అతను అటుగా పోయే ప్రతివారినీ చూసి నాలుకతో పెదాలు తడుపుకుంటున్నాడు. గుమ్మం పక్క బల్ల దగ్గర హెడ్ నర్సు ఫోనును చెవికీ భుజానికీ మధ్య ఇరికించుకుని, రెండు చేతులతో మందుల చీటీలు విడదీస్తోంది.

"ఆరో మంచమయ్యా. మోచెయ్యి... నిప్పేం అంటుకోలేదు, ఫోను చేస్తే అదే అడుగుతావేం? వేళ చెప్పు... గట్టిగా చెప్పు... మధ్యలో మారితే నువ్వే నాకు ఫోన్ చెయ్యాలి, చెప్తున్నా. మీ మత్తు మేడమ్‌కి చెప్పు, పది నిమిషాలు ఆగడం వచ్చు కదా ఆవిడకి."

ఫోను పెట్టేసి, తల ఎత్తకుండానే అంది. "ఒంటిగంట దాకా లేదట. వాడికి ఓ గ్లాసు నీళ్లిచ్చెయ్. ఎలాగూ ఖాళీగా నిలబడ్డావు."

పరిశోధన నర్సు కమ్మీ వదిలి, వార్డు చివరి అలమారా దాకా నడిచింది. పై అరలో దుప్పట్లు. కింద అరలో పట్టీలు, దూది. పక్క అలమారా తెరిచింది, మూసింది. రెండు వందల మందికి పైగా దాహం రాసుకున్న గదిలో ఆమె మధ్యకు వచ్చి నిలబడి, నేల తుడుస్తున్న ఆయాను అడిగింది.

"గ్లాసులెక్కడుంటాయమ్మా ఇక్కడ?"